దీవిలో అద్దె ఇల్లు: ఏప్రిల్ నీళ్లు, జూలై వాన

విశాఖపట్నానికి సముద్రమార్గాన సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్న అండమాన్ దీవులు తెలుగువారికి కొత్త ప్రాంతమేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా సుమారు 3 లక్షల 80 వేలు కాగా, అందులో తెలుగును మాతృభాషగా నమోదు చేసుకున్నవారు 50 వేల మంది, అంటే నూటికి 13 మంది. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం అక్కడ తెలుగుదే. ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లి చేపల వేటలోనూ, కూలిపనుల్లోనూ, చిల్లర వ్యాపారాల్లోనూ స్థిరపడిన కుటుంబాలు అక్కడ తరాలుగా ఉండగా, నౌకాదళం, కోస్ట్‌గార్డ్, బ్యాంకులు, కేంద్రీయ విద్యాలయాలు, నిర్మాణ సంస్థల ఉద్యోగాలపై ఏటా కొత్తగా వెళ్లే కుటుంబాలు వేరే ఉన్నాయి. ఈ రెండో రకం వారిలో అత్యధికులు ముందుగా దిగేది 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో. వ్యవహారంలో ఇంకా పాత పేరే నడుస్తున్నందున ఈ వ్యాసంలోనూ అదే వాడటం జరిగింది. రెండు మూడేళ్లు కుటుంబంతో ఉండవలసిన ఇంటిని హైదరాబాదులోనో విజయవాడలోనో చూసిన పద్ధతిలోనే అక్కడా చూసి, గదులెన్ని, బజారు ఎంత దూరం, అద్దె ఎంత అన్న మూడు ప్రశ్నలతో సరిపెట్టుకున్నవారు మొదటి ఏడాదిలోనే మరో ఇంటికి మారవలసి రావడం అక్కడ తరచుగా కనిపించే విషయం. దీవిలో ఇంటిని దాని మంచి రోజులను చూసి కాక, చెడ్డ నెలలను చూసి ఎంచుకోవాలి. అండమాన్‌లో అటువంటి నెలలు ముఖ్యంగా రెండు: నీళ్లకు ఏప్రిల్, వానకు జూలై.

ప్రభుత్వోద్యోగులకు క్వార్టర్ల వసతి ఉన్నా, కేటాయింపు వరుస క్రమంలో జరుగుతుంది కనుక, చేరిన రోజే తాళంచెవి చేతికి వస్తుందని అనుకోవడానికి వీలు లేదు. ప్రైవేటు ఉద్యోగులకు ఆ ఆశ కూడా ఉండదు. కాబట్టి ఇద్దరూ చివరికి బజారులో అద్దె ఇంటినే వెతుక్కుంటారు. ఇలా స్వేచ్ఛగా వెతుక్కునే వీలు ప్రధానంగా దక్షిణ, మధ్య, ఉత్తర అండమాన్‌లలోని సాధారణ ప్రాంతాలకే పరిమితం. ఆదివాసుల రక్షణ కోసం 1956లో చేసిన నిబంధనల కింద ప్రత్యేకంగా కేటాయించిన ప్రాంతాల్లో, నికోబార్ దీవుల్లో అధిక భాగంతో సహా, బయటివారు అనుమతి లేకుండా ప్రవేశించడానికీ, భూమి మీద హక్కు పొందడానికీ వీలు లేదు. స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ వంటి పర్యాటక దీవుల్లో ఖాళీ గది అంటే హోటల్ గదే అన్నంతగా పరిస్థితి మారిపోయింది.

పోర్ట్ బ్లెయిర్ ఊరంతా గుట్టలు, వాటి మధ్యకు చొచ్చుకువచ్చిన సముద్రపు పాయలు. పాత బజారైన అబర్దీన్, ఓడరేవులున్న ఫీనిక్స్ బే, హాడో, చేపల అంగడికి పేరుపడ్డ జంగ్లీఘాట్, గోల్‌ఘర్, డైరీఫామ్, షాదీపూర్, దక్షిణంగా పోతే ప్రోత్రాపూర్, గారాచర్మా, బాతూబస్తీ, డోలీగంజ్ అన్నవి అద్దె ఇళ్ల వెతుకులాటలో ముందుగా చెవిన పడే పేర్లు. బజారుకు దూరమయ్యే కొద్దీ అద్దె తగ్గుతుందన్న సూత్రం ఇక్కడా పనిచేస్తుంది గాని, దూరాన్ని కొలిచే పద్ధతి మాత్రం వేరు. ఉదాహరణకు రేవుకు అవతలి ఒడ్డున ఉన్న బాంబూఫ్లాట్ చూపుమేరలోనే ఉంటుంది. ఛాథం నుంచి మోటారు పడవలో దాటడానికి ఎక్కువసేపు పట్టదు. అయితే రాత్రి ఆఖరి పడవ ఎప్పుడు, గాలివాన వచ్చిన రోజున పడవలు నిలిపివేస్తే పిల్లవాడిని జి.బి.పంత్ ఆసుపత్రికి ఎలా తీసుకురావాలి అన్న ప్రశ్నలకు సమాధానం దొరికిన తర్వాతే అక్కడి తక్కువ అద్దె నిజంగా తక్కువో కాదో తేలుతుంది. ఊరిలోపల కూడా రోడ్డు నుంచి ఇంటి గుమ్మం వరకు మెట్లెన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోవలసిందే, ఎందుకంటే గుట్ట వాలులో కట్టిన ఇళ్లకు ముప్పై నలభై మెట్లు ఉండటం అక్కడ వింత కాదు. ఆ మెట్ల మీదుగా గ్యాస్ సిలిండరు, బియ్యం బస్తా మోసుకు రావాలి. వృద్ధులైన తల్లిదండ్రులు వెంట ఉన్న కుటుంబానికి ఈ లెక్క ఒక్కటే ఇంటిని తేల్చేస్తుంది.

నీటి సంగతి వివరంగా చెప్పుకోవలసి ఉంది. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే ఊరికి, అంటే హైదరాబాదు వర్షపాతానికి మూడున్నర రెట్లకు పైగా వాన పడే చోటికి, నీటి కొరత ఏమిటన్న సందేహం కొత్తగా వచ్చినవారందరికీ కలుగుతుంది. దీవులు చిన్నవి, వాలు ఎక్కువ, పెద్ద నదులు లేవు. అందుచేత కురిసిన నీటిలో ఎక్కువ భాగం గంటల్లోనే సముద్రం చేరిపోతుంది. ఊరికి ప్రధాన ఆధారం ధనికారి జలాశయం. మే నెలలో నైరుతి రుతుపవనాలతో మొదలై, ఈశాన్య రుతుపవనాల వరకు సాగి, డిసెంబరులో ముగిసే వానలకాలం తర్వాత జలాశయానికి చేరే నీరు తగ్గిపోతుంది. జనవరి నుంచి పొదుపు మొదలై, మార్చి, ఏప్రిల్ నెలలు వచ్చేసరికి కుళాయి నీళ్లు రోజు విడిచి రోజో, కొన్ని వీధుల్లో మూడు రోజులకు ఒకసారో, అదీ కొద్దిసేపు మాత్రమే వస్తాయి. డిసెంబరులో ఇల్లు చూసినవారికి నిండుగా పారే కుళాయిని చూపించే యజమాని అబద్ధమేమీ చెప్పడు. ఏప్రిల్ మాట ఎత్తడు, అంతే.

ఒక మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలన్నది నగరాల నీటి సరఫరాకు దేశంలో పాటిస్తున్న ప్రమాణం. ఆ లెక్కన నలుగురున్న కుటుంబానికి రోజుకు 540 లీటర్లు, మూడు రోజులకు 1,620 లీటర్లు అవసరం. కాబట్టి పైన కనిపించే 500 లీటర్ల నల్ల ట్యాంకును ఇద్దరు ముగ్గురు అద్దెదారులు పంచుకునే ఇల్లు కుటుంబానికి పనికిరాదని నిస్సంకోచంగా చెప్పవచ్చు. ఆ వాటాకు విడిగా, పైనా కిందా కలిపి, కనీసం 2,000 లీటర్లు నిలవ ఉండాలి. కింది సంపు నుంచి పైకి తోడే మోటారు ఎవరిది, దాని కరెంటు బిల్లు ఎవరి మీటరులో పడుతుంది, కుళాయి నీళ్లు వచ్చే వేళ ఏది అన్నవి తర్వాతి ప్రశ్నలు. నీళ్లు తెల్లవారుజామున వచ్చి, ఆ సమయానికి మోటారు వేసే మనిషి పై వాటాలో నిద్రపోతూ ఉంటే ట్యాంకు ఎంత పెద్దదైనా లాభం లేదు. ఒరల బావి ఉన్న ఇల్లు దొరకడం అక్కడ అదృష్టమే గాని, ఊరిలో భూగర్భ మురుగు వ్యవస్థ లేక ప్రతి ఇంటికీ సెప్టిక్ ట్యాంకే దిక్కు కనుక, పై వాలులో ఉన్న పొరుగింటి ట్యాంకు ఆ బావికి ఎంత ఎగువన ఉందో కంటితో చూడాలి. ఎగువ ట్యాంకు నుంచి ఊరిన నీరు వాలు వెంట దిగువ బావిలోకే చేరుతుంది. వాననీటిని పట్టుకునే ఏర్పాటు ఉన్న ఇంటికి కొంచెం అద్దె ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు: 100 చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదికి 3 మీటర్ల వాన అంటే 3 లక్షల లీటర్లు, అందులో అయిదో వంతు వృథా పోయినా 2 లక్షల 40 వేల లీటర్లు. ఎండాకాలానికి దాచగలిగేది ట్యాంకు పట్టినంతే అయినా, మిగిలిన ఏడెనిమిది నెలలు కుళాయి కోసం కాచుకునే పని తప్పుతుంది.

వాన విషయానికి వస్తే, అండమాన్‌లో అది ఎంత పడుతుందన్న దానికన్నా ఏ వైపు నుంచి పడుతుందన్నది ఇంటికి ముఖ్యం. మే నుంచి సెప్టెంబరు వరకు గాలి నైరుతి నుంచి బలంగా వీస్తూ వానను అడ్డంగా కొడుతుంది కాబట్టి, పడమర, దక్షిణ దిక్కుల గోడలకు పెద్ద కిటికీలుండి, వాటి పైన సన్‌షేడు పొట్టిగా ఉంటే ఆ గది ఆ నెలలన్నీ తడి గుడ్డలు పరిచిన గదే అవుతుంది. తూర్పు వాకిలి, నైరుతి ఎత్తు అంటూ వాస్తు చూసుకునే అలవాటున్న తెలుగు కుటుంబాలు ఇక్కడ కొంత ఇబ్బంది పడతాయి. గుట్ట వాలులో ఇంటి ముఖం ఎటు ఉండాలో నిర్ణయించేది శాస్త్రం కాదు, రోడ్డు. అయితే నైరుతిలో కిటికీలు తక్కువగా ఉండాలన్న పట్టింపును మాత్రం, కారణం వేరైనా, పోర్ట్ బ్లెయిర్ వాన పూర్తిగా సమర్థిస్తుంది. సముద్రం కనిపించే బాల్కనీ అంటే సాధారణంగా గాలివానకు ఎదురుగా నిలబడిన బాల్కనీ అనే అర్థం. అందుకోసం ఎక్కువ అద్దె అడిగితే ఇవ్వడానికి సందేహించవచ్చు.

పైకప్పు స్లాబా, రేకా అన్నది తర్వాతి విషయం. ఛాథం దీవిలో 1883లో ప్రారంభమైన కోతమిల్లు కలపతో కట్టిన ఇళ్ల సంప్రదాయం నుంచి వచ్చిన చెక్క గోడలు, ఇనుప రేకుల కప్పు ఉన్న పాత ఇళ్లు ఇప్పటికీ అద్దెకు దొరుకుతాయి. అవి గాలి ఆడేవి, అద్దె తక్కువవి, భూకంపానికి తేలికవి. కాని పగలు కప్పు వేడి, వానలో చెవులు దిబ్బళ్లు పడే చప్పుడు, చెక్కకు చెదలు అనే మూడు చిక్కులూ వాటితోపాటే వస్తాయి. పరీక్షలకు చదివే పిల్లలున్న ఇంట్లో ఆ చప్పుడును తేలికగా తీసుకోకూడదు. రేకుల ఇల్లు చూసేటప్పుడు లోపల నిలబడి పైకి చూస్తే సూదిమొనల్లా వెలుతురు కనిపించే చోట్లన్నీ మేకుల దగ్గర తుప్పు తిన్న రంధ్రాలే. పెరటి కొబ్బరిచెట్టు కప్పు మీదికి వాలి ఉందేమో కూడా చూడాలి. స్లాబు ఇంట్లో చూడవలసింది మరొకటి: ఉప్పుగాలి సిమెంటులోకి దిగి లోపలి ఇనుప చువ్వను తుప్పు పట్టిస్తే, ఆ తుప్పు ఉబ్బి, స్లాబు అడుగుభాగం పెచ్చులుగా ఊడిపోతుంది. కొత్తగా సున్నం వేసిన గదిలో గోడలు మెరుస్తూ, పైన మాత్రం గుండ్రటి అతుకులు తేలితే ఆ సున్నం దేనికి వేశారో ఊహించవచ్చు.

గాలిలో తేమ ఏడాది పొడవునా ఎక్కువ కనుక, గోడ పక్కన నిలబెట్టిన బీరువా వెనక బూజు, తోలు చెప్పుల మీద తెల్లటి నాచు, పుస్తకాల అట్టల మీద మచ్చలు రావడం ఇంటి లోపమనో ఇల్లాలి నిర్లక్ష్యమనో భావించనక్కర లేదు. ఎదురెదురు కిటికీలు లేని ఇంట్లో మాత్రం అది అదుపు తప్పుతుంది. మెయిన్‌ల్యాండ్ నుంచి, అంటే దీవులవాసుల మాటలో భారత ప్రధాన భూభాగం నుంచి, సామాను కంటైనరులో పంపేవారు చెక్కపొడి అదిమి చేసిన చవక అల్మరాలను వెంట తీసుకుపోకపోవడమే మంచిది. అవి మొదటి వానలకాలంలోనే ఉబ్బుతాయి. ఇనుప బీరువాకు తుప్పు తప్పదు. అల్యూమినియం, ప్లాస్టిక్, గట్టి కలప సామాను నిలుస్తాయి. దీవుల జెర్రి పరిమాణంలోనూ కాటులోనూ పేరుమోసినది కనుక స్నానాలగది తూములకు జాలీ ఉందా, తలుపుల కింద సందు ఎంత అన్నది పసిపిల్లల తల్లులు మొదటి రోజే చూసుకోవాలి. మడ అడవుల పక్కన, ఉప్పు కాలువల ఒడ్డున ఉన్న ఇళ్లకు దోమలతోపాటు మరో జాగ్రత్త అవసరం: అండమాన్ కాలువల్లో ఉప్పునీటి మొసళ్లు నిజంగానే ఉన్నాయి.

2004 డిసెంబరు 26 నాటి భూకంపం, సునామీ తర్వాత దీవుల్లో ఇంటిని చూసే చూపు మారింది, మారాలి కూడా. అండమాన్ నికోబార్ దీవులు దేశపు భూకంప పటంలో చాలాకాలంగా తీవ్రమైన ప్రమాదాన్ని సూచించే అయిదో మండలంలో ఉన్నాయి. ఆ రోజు కదలికతో పోర్ట్ బ్లెయిర్ పరిసరాల్లో నేల దాదాపు ఒక మీటరు కుంగడంతో, సిప్పీఘాట్ వంటి చోట్ల అంతవరకు పంట పండిన పొలాల్లోకి సముద్రపు నీరు వచ్చి నిలిచిపోయింది. నేల కుంగిన తర్వాత పల్లపు ఇళ్లకు సునామీ రాకపోయినా బాధ ఉంది: అమావాస్య, పున్నమి రోజుల్లో సముద్రపు పోటు హెచ్చినప్పుడు, పైనుంచి వాన కూడా తోడైతే మురుగుకాలువలో నీరు ముందుకు పోలేక వెనక్కి తన్నుతుంది. పల్లంలో ఉన్న ఇంటిని చూసేవారు పున్నమినాడు పోటు వేళకు మరొకసారి వెళ్లి చూడటం ఖర్చు లేని పరీక్ష.

గుట్ట వాలులో కట్టిన ఇళ్ల స్తంభాల గురించి కొంత తెలుసుకోవడం ఇంకా అవసరం. వాలులో ఇల్లు కట్టేటప్పుడు రోడ్డు వైపు స్తంభాలు పొట్టిగా, లోయ వైపు స్తంభాలు ఒకటిన్నర, రెండు అంతస్తుల పొడవుగా వస్తాయి. రోడ్డు మీద నుంచి చూస్తే ఒంటి అంతస్తు ఇల్లు, వెనక నుంచి చూస్తే సన్నటి కాళ్ల మీద నిలబడిన మూడంతస్తుల కట్టడం. భూమి ఊగినప్పుడు పొడవైన స్తంభాలు వంగి సర్దుకోగలుగుతాయి, పొట్టివి బిర్రుగా నిలిచి అదురు బలంలో ఎక్కువ వాటాను తమ మీదికే లాక్కుని ముందుగా పగులుతాయి. నిర్మాణ శాస్త్రం దీన్నే పొట్టి స్తంభాల సమస్యగా చెబుతుంది. కింద గోడలు లేకుండా కేవలం వాహనాల కోసం ఖాళీగా వదిలిన అంతస్తు కూడా ఇటువంటి బలహీనతే, ఎందుకంటే పై అంతస్తులకు గోడల బిగువు ఉంటుంది, కింది అంతస్తుకు ఉండదు, ఊపు వచ్చినప్పుడు వంపు మొత్తం అక్కడే చేరుతుంది. అద్దెకు వచ్చేవారు ఇంజనీర్లు కానక్కర లేదు. ఇంటి వెనక్కి దిగి, స్తంభాలను ఒకదానితో ఒకటి కలిపే అడ్డదూలాలున్నాయా, స్తంభం దూలం కలిసే చోట పగుళ్లున్నాయా, వాలును ఆపే రాతిగోడ ఉబ్బి ముందుకు వచ్చిందా, ఆ గోడలో నీరు పోవడానికి రంధ్రాలు వదిలారా అని చూస్తే చాలు. యజమాని వెనకవైపు చూపించడానికి ఇష్టపడకపోతే మరో ఇల్లు చూసుకోవడం మేలు. కట్టడానికి పురపాలక అనుమతి ఉందా అని కూడా అడగాలి. ప్రభుత్వ భూమిని ఆక్రమించి కట్టిన ఇళ్లు దీవుల్లో ఉన్నాయి. అటువంటి ఇంటి చిరునామాతో గ్యాస్ కనెక్షన్, బడి ప్రవేశం, వాహనం రిజిస్ట్రేషన్ వంటి పనులన్నిటికీ కాగితాలు తేవడం కష్టమవుతుంది.

కరెంటు, గ్యాస్, ఇంటర్నెట్‌ల గురించి అంత సుదీర్ఘంగా చెప్పవలసింది లేదు. దీవుల విద్యుత్తు ప్రధాన భూభాగపు గ్రిడ్‌తో కలవదు. ఇటీవల సౌర విద్యుత్తు కొంత తోడైనా భారమంతా డీజిల్ జనరేటర్లదే కాబట్టి కోతలకు సిద్ధపడి, ఇన్వర్టరుకు వైరింగు ఉన్న ఇంటిని చూసుకోవాలి. గ్యాస్ ఓడలో వస్తుంది. ఓడ ఆలస్యమైతే సిలిండరూ ఆలస్యమే, అందుకని రెండు సిలిండర్ల కనెక్షన్ తప్పనిసరి. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భంలో సుమారు 2,300 కిలోమీటర్ల పొడవైన ఆప్టికల్ ఫైబర్ కేబుల్ ప్రారంభమైన తర్వాత ఇంటర్నెట్ కష్టాలు చాలా వరకు తీరాయి గాని, ఆ తీగ వీధి చివర దాకా వచ్చిందా, ఇంటి దాకా వచ్చిందా అన్నది పక్కింటివారినే అడగాలి. ఇక ఎండ వేళలు కొత్తవారిని ఆశ్చర్యపరుస్తాయి: కాకినాడకు దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశం మీద భారత ప్రామాణిక కాలం లెక్కిస్తుండగా, పోర్ట్ బ్లెయిర్ దానికి 10 డిగ్రీలకు పైగా తూర్పున ఉన్నందున, డిగ్రీకి 4 నిమిషాల చొప్పున సూర్యుడు 40 నిమిషాలు ముందుంటాడు. జూన్‌లో 5 గంటలకే తెల్లవారుతుంది, నవంబరు చివర సాయంత్రం 5 గంటల ప్రాంతంలోనే చీకటి పడుతుంది. తూర్పు కిటికీ ఉన్న పడకగదికి మందపాటి తెరలు, బడి నుంచి వచ్చే పిల్లల దారికి వీధిదీపాలు అవసరమయ్యేది ఇందువల్లే.

ఇల్లు దొరికే దారులు కొన్నే. దీవుల పాలనాయంత్రాంగం వెలువరించే ‘డైలీ టెలిగ్రామ్స్’ పత్రికలోని ప్రకటనలు, గోడల మీది టు-లెట్ బోర్డులు, ఆఫీసులో బదిలీ అయి వెళ్లిపోతున్నవారు ఖాళీ చేసే ఇల్లు. వీటిలో మూడోదే నమ్మదగినది, ఎందుకంటే ఏప్రిల్‌లో నీళ్లెలా వచ్చాయో, జూలైలో ఏ గోడ చెమ్మగిల్లిందో ఖాళీ చేసే కుటుంబానికి దాచవలసిన అవసరం లేదు. జంగ్లీఘాట్, హాడో ప్రాంతాల్లో పాతకాపులైన తెలుగు కుటుంబాలు ఉన్నందున, ఒక్క ఆదివారం అక్కడ విచారిస్తే పత్రికలో రాని ఇళ్ల సంగతులు తెలుస్తాయి. అక్టోబరు నుంచి పర్యాటకుల రాక మొదలవుతుంది కనుక, కుటుంబానికి ఇచ్చే వాటాను రోజువారీ గదులుగా మార్చుకుంటే వచ్చే ఆదాయం యజమానులను ఊరిస్తూ ఉంటుంది. ఫోటోలు చూసి అడ్వాన్సు పంపించడం సర్వత్రా తెలివితక్కువ పనే అయినా, నీటి ట్యాంకు, స్లాబు అడుగుభాగం, వెనకవైపు స్తంభాలు ఏ ఫోటోలోనూ కనిపించవు కాబట్టి దీవి విషయంలో అది మరీ ప్రమాదకరం. ఉద్యోగి ముందుగా ఒంటరిగా వెళ్లి, ఏదైనా లాడ్జిలో కొన్ని వారాలుండి ఇల్లు చూసి, ఆ తర్వాత కుటుంబాన్నీ సామానునూ రప్పించుకోవడమే సరైన పద్ధతి.

ఒప్పందం విషయానికి వస్తే, దేశమంతటా వాడుకలో ఉన్న 11 నెలల అద్దె పత్రమే ఇక్కడా ఎక్కువగా కనిపిస్తుంది. ఏడాదికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టరు చేయాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతున్నందున, ఆ ఖర్చు తప్పించుకునే ఉపాయంగా ఈ 11 నెలల అలవాటు వచ్చింది. మూడేళ్ల బదిలీ మీద వచ్చిన కుటుంబానికి ఇది అనుకూలం కాదు. ప్రతి 11 నెలలకూ అద్దె పెంపు గురించి బేరం మొదటికి వస్తుంది. ఇటీవల చట్టం మారింది. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించగా, అండమాన్ వంటి కొన్ని కేంద్రపాలిత ప్రాంతాలకు రాజ్యాంగం 240వ అధికరణం కింద రాష్ట్రపతి నేరుగా నిబంధనావళి జారీ చేయవచ్చు కనుక, ఆ నమూనాను అనుసరించిన అండమాన్ నికోబార్ దీవుల అద్దె నిబంధనావళికి 2023 అక్టోబరులో ఆమోదం లభించింది.

నమూనా చట్టం అద్దెదారుకు ఇచ్చే రక్షణలు తక్కువేమీ కావు. రాతపూర్వక ఒప్పందం లేకుండా ఇల్లు అద్దెకు ఇవ్వకూడదు; ఒప్పందం కుదిరిన రెండు నెలల్లోగా దాన్ని అద్దె ప్రాధికార సంస్థకు, అంటే అద్దె వ్యవహారాల కోసం జిల్లా స్థాయిలో నియమించే అధికారికి, తెలియజేయాలి. నివాసానికి తీసుకునే ఇంటికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదు. అద్దె పెంచాలంటే మూడు నెలల ముందు రాతపూర్వకంగా తెలపాలి, ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి, తగవు వచ్చిందని నీళ్లు, కరెంటు ఆపకూడదు. కట్టడపు మరమ్మతులు, గోడల సున్నం, పైపుల మార్పు, కరెంటు వైరింగు యజమాని బాధ్యత; తూముల శుభ్రత, స్విచ్చులు, కిటికీ అద్దాల వంటి చిన్న మరమ్మతులు అద్దెదారువి. దీవికి ప్రత్యేకంగా అక్కరకు వచ్చే అంశం మరొకటి ఉంది: తుపాను, వరద, భూకంపం వంటి ప్రకృతి విపత్తు వల్ల ఇల్లు నివాసానికి పనికిరాకుండా పోతే, దాన్ని తిరిగి బాగు చేసేంతవరకు యజమాని అద్దె అడగరాదు. ఇవన్నీ కాగితం మీద ఉన్నా, ఊరి అలవాటు అంత త్వరగా మారదు. కాబట్టి నీటి నిలవ ఎన్ని లీటర్లు, మోటారు బిల్లు ఎవరిది, వానలకాలానికి ముందు కప్పు బాగుచేయడం ఎవరి పని, మూడేళ్లలో అద్దె ఎంత మేరకు పెరగవచ్చు అన్న నాలుగు విషయాలను ఒప్పందంలో స్పష్టమైన వాక్యాలుగా రాయించుకోవాలి. అద్దెదారుల వివరాలను యజమాని పోలీస్ స్టేషన్‌లో నమోదు చేయించే పద్ధతి కూడా ఉన్నందున, ఆధార్ ప్రతులు, ఫోటోలు సిద్ధంగా ఉంచుకోవడం మంచిది.

ఒప్పందంలో ఎక్కువమంది పట్టించుకోని వాక్యం ఇల్లు ఖాళీ చేసే తేదీది. గడువు దాటి ఇంట్లో ఉంటే మొదటి రెండు నెలలకు రెట్టింపు అద్దె, ఆ తర్వాత నాలుగు రెట్ల అద్దె చెల్లించాలని నమూనా చట్టం చెబుతోంది. ఇటు చూస్తే కుటుంబమూ సామానూ మెయిన్‌ల్యాండ్‌కు చేరవలసింది ఓడలోనో కంటైనరులోనో. విశాఖపట్నానికి నేరుగా నడిచే ప్రయాణికుల ఓడ చెన్నై, కోల్‌కతా ఓడలంత తరచుగా ఉండదు, వాతావరణాన్ని బట్టి బయలుదేరే రోజూ మారుతుంది. అందువల్ల గడువు ముగిసిన తర్వాత ఓడ కోసం వేచి ఉండవలసి వస్తే కనీసం 15 రోజులు పాత అద్దె మీదనే ఉండవచ్చునన్న షరతును సంతకం పెట్టే రోజునే రాయించుకోవాలి, ఎందుకంటే ఖాళీ చేసే నెలలో దాన్ని అడిగితే ఒప్పుకునే యజమానులు తక్కువ.